కల్లం ముద్ర

మొన్న మా ఇంట్లో అల్మారా తలుపులు బిగించడానికి ఒక వడ్రంగి వచ్చాడు. మంచి పనివాడే. చేతిలో మరలు బిగించే కరెంటు మిషను. నాలుగు మరలు బిగించాడో లేదో, దాన్ని కింద పెట్టి చెయ్యి విదిలించుకున్నాడు. "కాలిపోతాంది సార్, ఈ కొత్త మిషన్లన్నీ ఇంతే" అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచాను. "నీకెందుకు, గమ్మున కూసోరాదా" అంది మా ఆవిడ. వినే అలవాటు నాకు లేదు. వెళ్ళి మిషను చేతిలోకి తీసుకుని చూశాను. దాని వెనక భాగంలో మోటారు గాలి పీల్చుకునే చీలికలున్నాయి. సరిగ్గా వాటికి అడ్డంగా మెరిసే కాగితం మీద అచ్చేసిన దేవుడి బొమ్మ అంటించి ఉంది.

"ఇది తీసెయ్యప్పా" అన్నాను.

"దేవుడు సార్."

"దేవుణ్ణి పిడికి అంటించుకో. ముక్కు మూసి పని చెయ్యమంటే నువ్వు చేస్తావా?"

అతను నా తెల్ల తల వైపు, నా చేతిలోని మిషను వైపు మార్చి మార్చి చూశాడు. ఈ ముసలాయనకు మిషన్ల సంగతి ఏం తెలుసులే అన్న అనుమానం ఆ చూపులో స్పష్టంగా ఉంది. ఆ చూపు చూడగానే నాకు పెద్దాయన గుర్తొచ్చాడు. అనుమానంగా చూడటంలో ఆయన్ని మించినవాణ్ణి ఇన్నేళ్ళలో నేను చూడలేదు. ఆయన ముందు ఈ వడ్రంగి ఏపాటి!

పేరు చెప్పను. చెప్తే ఏ లోకంలో ఉన్నా "నా పేరుతో నీకేం పనప్పా, దేనికి వాడుకుంటావు?" అని నిలదీస్తాడు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఊళ్ళో కాస్త ఖాళీ జాగా కనిపిస్తే డేరా, డేరా కనిపిస్తే అందులో ఒక ఆఫీసు. మా పని మాత్రం ఊరి బయట, ఎండకు పెనంలా కాలే రేకుల షెడ్డులో. కాలవలకు పెట్టే పెద్ద పెద్ద ఇనుప తలుపులు అక్కడ తయారయ్యేవి. నేను కడప నుంచి వచ్చిన వైరుమ్యాన్ని. పెద్దాయన స్టోరు మనిషి. పనిముట్లు ఇచ్చేదీ, తీసుకునేదీ, చెడిపోతే విప్పి చూసేదీ ఆయనే. పడమటి కర్నూలు పల్లెలో సేద్యం చేసుకునే ఇంట్లోంచి వచ్చాడు. వానలు మొహం చాటేస్తే ఎద్దులు అమ్ముకుని మిషన్ల దగ్గర చేరాడట.

సన్నటి మనిషి. పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టి, పైన ఖాకీ చొక్కా వేసి, మండే ఎండల్లో కూడా బొత్తాలన్నీ గొంతు దాకా పెట్టుకునేవాడు. ఎవరితో మాట్లాడినా ఎడమ కన్ను సగం మూసి చూసేవాడు. ఆ కన్ను పూర్తిగా తెరుచుకుంటే మనం చెప్పింది నమ్మినట్టని షెడ్డులో అందరం అనుకునేవాళ్ళం. తెరుచుకోగా చూసినవాడు లేడు.

షెడ్డు బయట ఒకామె టీ అమ్మేది. "ఈ పాలు ఈపొద్దువేనా?" అని పొద్దున అడిగేవాడు. మధ్యాహ్నం అదే అడిగేవాడు. సాయంత్రానికి మాట మారిందేమోనని మళ్ళీ అడిగేవాడు. ఆమె ఒకరోజు విసిగిపోయి, "నీ పెండ్లాన్ని గూడా ఇట్లే అడుగుతాండావా అన్నా?" అంది. "ఆమె నాకంటే శానా అడుగుతాది" అన్నాడు, మొహంలో నవ్వన్నదే లేకుండా. రేకుల మీద టపటపా వాన పడుతుంటే కూడా బయటికి చెయ్యి చాపి, తడి చూసుకున్నాకనే "వాన" అనేవాడు.

సాయంత్రం గంట కొట్టాక ఆయన షెడ్డు వాకిట్లో నిలబడేవాడు. మేమంతా వరసగా సంచులు తెరవాలి, తువ్వాలలు దులపాలి, సద్దిగిన్నెల మూతలు తియ్యాలి. "మాకు బోల్టులు తినే అలవాటు లేదన్నా" అని ఎవరో అంటే, "అలవాటు ఎప్పుడైనా అవుతాది" అన్నాడు.

ఇంతకీ ఆయన ప్రాణమంతా ఉన్నది బోల్టు తుపాకుల మీద. ఆ పేరు పెట్టింది మా పనివాళ్ళే. సముద్రం మీద మద్రాసుకు వచ్చి, అక్కడి నుంచి రైల్లో మా దాకా చేరిన కరెంటు మిషన్లవి. చంటిపిల్లంత బరువు. రెండు చేతులతో ఎత్తిపట్టి మీట నొక్కితే దడదడలాడుతూ బోల్టును బిగించేవి. చేత్తో ఒక పూట పట్టే పని చిటికెలో అయ్యేది. అయితే మా ఎండకూ మా దుమ్ముకూ అవి అలవాటుపడలేదు. ఊరికే వేడెక్కేవి, ఊరికే మొరాయించేవి.

వేడెక్కిన తుపాకిని ఆయన ముందు పెట్టి మనం కారణం చెప్పబోతే, అంతా విని, చివర్లో ఒకటే మాట అనేవాడు: "నీ మాట అయిపోయింది గదా. ఇంగ దాన్ని అడుగుదాం."

అడగడమంటే నిజంగా అడిగినట్టే ఉండేది. ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. తర్వాత అరచెయ్యి కాదు, చెయ్యి వెనక్కి తిప్పి వేళ్ళ కణుపులతో ఒళ్ళంతా తడిమేవాడు, జ్వరమొచ్చిన బిడ్డను చూసినట్టు. మోటారు దగ్గర వేడెక్కువా, పళ్ళచక్రాల దగ్గర ఎక్కువా, పిడి దగ్గర ఎక్కువా అని. ఆ తర్వాత ఊరికే ఒక్క క్షణం తిప్పి, తల వంచి వినేవాడు.

ఒకసారి ఒక తుపాకి మూలుగుతూ వేడెక్కింది. నేను పెద్ద తెలిసినవాడిలా, "లోపల తీగచుట్ట కాలిపోయిందన్నా" అన్నాను. ఆయన తుపాకిని పక్కన పెట్టి షెడ్డుకు కరెంటిచ్చే జనరేటరు దగ్గరికి నడిచాడు. అక్కడి నుంచి తీగను తడుముకుంటూ వచ్చి, నేను వేసిన అతుకు దగ్గర ఆగి, వంగి వాసన చూశాడు.

"ఇది ఎవురు సుట్టింది?"

"నేనే."

"తాగి సుట్టినావా?"

"నేను తాగను."

"తాగకుండానే ఇట్ల సుట్టినావా?"

నాకు చర్రున కోపం వచ్చింది. ఆ అతుకు నిక్షేపంలా ఉంది, చల్లగా ఉంది. ఇద్దరం గొంతులు పెంచుకున్నాం. చివరికి తుపాకి ముక్కు విప్పితే తేలిందేమిటంటే, పళ్ళచక్రాల దగ్గరి గ్రీజు దుమ్ము కలిసి మైనంలా గట్టిపడింది. మోటారు పాపం దాన్ని ఈడ్వలేక ఆయాసపడుతోంది. కిరసనాయిలుతో కడిగి కొత్త గ్రీజు పెట్టగానే చల్లబడింది. తప్పు నాది కాదని తేలింది కదా, ఒక మంచి మాట అంటాడేమోనని నిలబడ్డాను. "నీ అతుకు గూడా మల్లా సుట్టు" అని వెళ్ళిపోయాడు.

అప్పట్లో ఆయనంటే నాకు ఒళ్ళుమంట. దాచుకోవడమెందుకు?

ఆ షెడ్డులో ఖాజా అని ఒక ఫిట్టరుండేవాడు. కర్నూలు పాతబస్తీ మనిషి, బురుజు వెనక ఇల్లు. భుజబలం ఉన్నవాడు కాబట్టి మంచె మీద నిలబడి, తల మీదికి తుపాకి ఎత్తి బిగించే పనంతా అతనిదే. సన్నగా ఏదో కూనిరాగం తీస్తూ పనిచేసేవాడు. శుక్రవారం నమాజు అయ్యాక, ఊళ్ళో మోటార్లు బాగుచేసే ఒక దోస్తు దుకాణంలో కాసేపు కూర్చునే అలవాటు అతనికి. ఈ అలవాటే కొంప ముంచింది.

వేసవి ముదిరాక ఖాజా తుపాకి వేడెక్కడం మొదలైంది. పెద్దాయన విప్పి చూస్తే లోపల బొగ్గులు బాగా అరిగిపోయి ఉన్నాయి. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న ముక్కలను మేము బొగ్గులనేవాళ్ళం. అరిగితే నిప్పురవ్వలు రేగుతాయి, మోటారు సెగ కక్కుతుంది.

"మొన్న ఏసిన బొగ్గులు. ఇంత బిరీన ఎట్ల అరిగినాయి?" అన్నాడు.

"తలపైన పట్టుకోని బిగిస్తాండా గదన్నా. బోల్టులు సూస్తే తుప్పు. దానికీ కష్టమే."

"నీ మాట అయిపోయింది గదా" అన్నాడు పెద్దాయన. ఆ ఎడమ కన్ను ఇంకాస్త మూసుకుంది.

ఆ బొగ్గులు మద్రాసు నుంచి రావాలి, దొరకడం గగనం. ఖాజా కొత్తవి తీసి దోస్తు దుకాణంలో ఇచ్చి, అక్కడి పాతవి తెచ్చి లోపల పెడుతున్నాడని ఆయన మనసులో పడిపోయింది. పడ్డది ఇక లేవలేదు.

మర్నాడు సంచిలో ఒక చెక్క పట్టుకొచ్చాడు. అరచేతిలో ఇమిడేంత పాత చెక్క, నూనె తాగి నల్లబడి ఉంది. మొహం మీద ఎద్దు కొమ్ముల్లాంటి రెండు గీతలు చెక్కి ఉన్నాయి. ఇదేమిటని అడిగాను.

"మా నాయనది. కల్లం ముద్ర" అన్నాడు. "జొన్నలు తూర్పారబట్టి రాసి పోస్తారా, కొలిచేలోపల పొద్దు గూకుతాది. రాసిని అట్లే ఇడిసిపెట్టి ఇంటికి పోవాల. ఎవుడన్నా చేటెడు ఎత్తుకపోతే తెలిసేదెట్ల? రాసి చుట్టూ తడిబూడిద పోసి మా నాయన దీంతో ముద్రలేస్తాండె. గింజ కదిలితే ముద్ర పగులుతాది. ఊరంతా మా నాయన ముద్రనే నమ్ముతాండ్రి."

"రాసికి సరే. తుపాకికి ఎట్ల?"

"సూస్తా ఉండు."

కంబళ్ళకు పట్టించే చింతగింజల గంజి చిక్కగా కాచి తెచ్చాడు. ఖాజా తుపాకికి కొత్త బొగ్గులు వేసి, గుడ్డపట్టీని ఆ గంజిలో ముంచి, తుపాకి వెనక బొగ్గులుండే మూతల మీదుగా చుట్టి అంటించాడు. పైన తడిబూడిద రాసి, నాయన చెక్కతో గట్టిగా అదిమాడు. ఆరేసరికి కొమ్ముల గుర్తు అచ్చుగుద్దినట్టు నిలిచింది. ఇక మూత తియ్యాలంటే ముద్ర పగలాల్సిందే. షెడ్డులోని తుపాకులన్నిటికీ ఒక్కో పట్టీ వేశాడు. ఖాజా ఒక్కడి మీదే అనుమానమని పైకి తెలియకూడదు కదా!

కానీ ఖాజా తుపాకి ఇంకా వేడెక్కింది.

పెద్దాయన చూశాడు. ముద్ర పగల్లేదు. మామూలు మనిషైతే సరే, ఇతను మూత తియ్యలేదు అనుకుంటాడు. పెద్దాయన మాత్రం, పట్టీని వేణ్ణీళ్ళతో నానబెట్టి తీసి మళ్ళీ అతికిస్తున్నాడని అనుకున్నాడు. అందుకని దాని మీద రెండో పట్టీ వేశాడు, మొదటిదానికంటే వెడల్పుగా. ఇంకో రెండు ముద్రలు కొట్టాడు. తుపాకి ఇంకా మండింది. ఈసారి మూడో పట్టీ. ఆ తుపాకి వెనక భాగం కట్టు కట్టిన తలకాయలా తయారైంది. నేను కూడా లోలోపల ఖాజానే అనుమానించడం మొదలుపెట్టాను. అన్ని ముద్రలేసినా వేడి తగ్గకపోతే, ఏదో మాయ చేస్తున్నాడనే కదా ఎవరికైనా తోచేది. ఒకరి అనుమానం పక్కవాడికి అంటుకోవడానికి ఎంతోసేపు పట్టదు.

మాట ఊళ్ళోకి పాకింది. దుకాణం దోస్తు, "కొన్నాళ్ళు ఈపక్కకు రాకు భాయ్, నా పేరు గూడా చెడుతాది" అన్నాడట. ఖాజా రాగం ఆగిపోయింది.

ఇంకో సంగతి జరిగింది, అది నాకు బాగా గుర్తు. ఒక సాయంత్రం వాకిట్లో ఖాజా గిన్నె మూత తీశాడు. పని ఒత్తిడిలో ఆరోజు తినలేదు, బువ్వ అట్లే ఉంది. పెద్దాయన ఒక క్షణం దానికేసి చూశాడు. తర్వాత గ్రీజు చేతి వేళ్ళు అన్నంలోకి దింపి అడుగు దాకా కెలికాడు. అక్కడున్న అందరం చూశాం. లోపల ఏమీ లేదు. ఖాజా గిన్నె వెనక్కి తీసుకున్నాడు. బయటికి వెళ్ళి ఆ బువ్వంతా కుక్కలకు పెట్టేసి, గిన్నె ఇసకతో తోముకుని ఇంటికి పోయాడు.

తర్వాత వారం తిరక్కుండానే ఆ తుపాకి కాలిపోయింది. మిట్టమధ్యాహ్నం, ఖాజా మంచె మీద ఉన్నాడు. ఉన్నట్టుండి తుపాకి ముక్కులోంచి నల్లటి పొగ, లోపలి తీగచుట్టకు పూసిన లక్క మాడిన కంపు. పడేస్తే కింద ఉన్నవాళ్ళ తల పగులుతుందని, అరచేతులు కాలుతున్నా దాన్ని పట్టుకునే కిందికి దిగాడు. నేల మీద పెట్టి చేతులు నీళ్ళ తొట్టిలో ముంచాడు.

షెడ్డు మేనేజరు తన గదిలోంచి పరుగున వచ్చాడు. తలుపులు కాలవకు పంపాల్సిన గడువు నెత్తిమీద ఉంది, ఆయన కోపం ఆయనది. "ఇది మామూలుగా కాలింది కాదు. ఎవడి పనో సాయంత్రంలోగా నాకు పేరు చెప్పాలి. దొంగైతే దొంగ అని చెప్పే పంపిస్తాను" అన్నాడు పెద్దాయనతో.

అందరి చూపులూ ఖాజా మీద వాలాయి. అతను బొబ్బలెక్కిన చేతులు ముందుకు చాపుకుని పెద్దాయన ముందు నిలబడ్డాడు.

"అన్నా, పని పోతే పోనీ. హమాలీ చేసుకోని బతుకుతా. దొంగ అనే మాటతో మాత్రం పంపొద్దు. ఈ ఊర్లో మల్లా ఎవురూ నా చేతికి స్పానరు ఇయ్యరు. నా ఇమాన్ మీద చెప్తాండా, నేను మూత తియ్యలేదు."

"నీ మాట అయిపోయింది గదా" అన్నాడు పెద్దాయన. తుపాకిని ఎత్తుకుని స్టోరులోకి పోయి తలుపేసుకున్నాడు.

నేను తుపాకి నేల మీద ఉన్నప్పుడే చూశాను. పట్టీలు మాడి గోధుమరంగుకు తిరిగాయి గానీ, ముద్రలు చెక్కు చెదరలేదు. కొమ్ముల గుర్తు కొమ్ముల గుర్తే. నాకు అనుమానం ఆయన మీదికి మళ్ళింది. ఇంత స్పష్టంగా కనబడుతుంటే ఈయన తలుపెందుకు వేసుకున్నట్టు? దగ్గరికి వెళ్ళి చెవి పెట్టాను. లోపల ఇంకో తుపాకి తిరిగిన చప్పుడు. ఆగింది. తర్వాత కత్తితో దేన్నో బరబరా గీకుతున్న చప్పుడు. మళ్ళీ తుపాకి తిరిగింది. మళ్ళీ గీకుడు. అయిపోయింది, ముద్రలు గీకేస్తున్నాడు, ఖాజానే పగలగొట్టాడని చెప్పేస్తాడు అనుకున్నాను. తలుపు తోసేద్దామని చెయ్యెత్తాను కూడా.

అంతలో ఆయనే తలుపు తీశాడు. ఒక చేతిలో కాలిన తుపాకి, ముద్రలన్నీ అట్లే ఉన్నాయి. ఇంకో చేతిలో పట్టీ తియ్యని వేరే తుపాకి. గీకింది వేరేవాటిని, అవి వెనక బల్ల మీద పడి ఉన్నాయి. చొక్కా నిండా బూడిద. నన్ను చూడనైనా చూడకుండా మేనేజరు గదికేసి నడిచాడు. మేమంతా వెనకే పోయాం.

రెండు తుపాకులూ బల్ల మీద పెట్టాడు. జేబులోంచి చిటికెడు బూడిద తీసి, పట్టీ ఉన్న తుపాకి ముందువైపు చీలికల దగ్గర పట్టుకున్నాడు. నన్ను మీట నొక్కమన్నాడు. మోటారు తిరిగింది. వేళ్ళు వదిలితే బూడిద నేరుగా బల్ల మీద రాలింది.

"సూడండి" అన్నాడు. కత్తి తీసి ఆ పట్టీని గీకి పారేశాడు. దాని కింద వెనకవైపు చీలికలు బయటపడ్డాయి. మళ్ళీ బూడిద పట్టుకుని నన్ను నొక్కమన్నాడు. ఈసారి బూడిద రివ్వున ఎగిరి మేనేజరు తెల్లచొక్కా మీద పడింది. మేనేజరు తుమ్మాడు. ఎవరూ నవ్వలేదు.

"యెనకనించి గాలి పీల్చుకోని ముందరకు ఇడుస్తాది. నేను యెనకంతా గుడ్డేసి మూసినా. అన్నిటికీ ఒక పట్టీ. ఖాజాదానికి మూడు. మొదట బొగ్గులు అరిగింది వాడు చెప్పినట్టు తుప్పు బోల్టులకే. వాని మీద అనుమానం పెరిగినకొద్దీ పట్టీలు ఏస్తి. పట్టీలు ఏసినకొద్దీ అది కాగె. అది కాగినకొద్దీ నాకు అనుమానం పెరిగె." కాలిన తుపాకిని ముందుకు జరిపాడు. "ముద్ర నాది. పగల్లేదు. లోపల బొగ్గులు నేనేసినవే ఉంటాయి. రాసికి ఊపిరాడకపోయినా ఏం గాదు. దీనికి ఆడాల. అది నాకు తట్టలేదు. మీరు పేరు అడిగినారు గదా, నా పేరు రాసుకోండి."

మేనేజరు చొక్కా దులుపుకున్నాడు. ఆ తర్వాత మాట్లాడింది ఇక్కడ రాయతగ్గది కాదు. చివరికి, "స్టోరు తాళాలు అక్కడ పెట్టు. రేపటి నుంచి విప్పి బాగుచేసే పని ఒక్కటే చూసుకో" అన్నాడు. ఆ కోపంలోనే తాళాలు ఖాజా వైపు తోశాడు. "ఇకనుంచి నువ్వే చూసుకో" అన్నాడు. ఖాజా కాలిన చేతులతో ఆ గుత్తిని ఎట్లా పట్టుకోవాలో తెలియక అట్లే నిలబడ్డాడు.

ఆ శుక్రవారం పెద్దాయన నన్ను వెంటబెట్టుకుని పాతబస్తీలో ఖాజా దోస్తు దుకాణానికి పోయాడు. అరుగు మీద నలుగురూ ఉండగా జరిగిందంతా చెప్పాడు. దుకాణం ఆయన అంతా విని, "నిన్న దొంగ అంటివి, ఈపొద్దు కాదంటాండావు. ఏది నమ్మాల?" అన్నాడు. నాకు లోపల సంతోషమేసింది. ఒకరు తనను అనుమానిస్తే ఎట్లా ఉంటుందో ఆయనకూ తెలియాలి కదా! పెద్దాయన సంచిలోంచి మాడిన పట్టీ తీసి, దాని మీద చెక్కు చెదరని ముద్రను చూపించాడు. ఆ పట్టీని అరుగు మీదున్నవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు చేతులు మార్చుకుంటూ చూశారు. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు. ఆరోజు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. ఇష్టం కలగడానికి ఇంకా టైము పట్టింది.

ఖాజా స్టోరు మనిషయ్యాడు గానీ సాయంత్రాలు వాకిట్లో సోదా మానేశాడు. "పోండి పోండి" అని అందరినీ పంపేవాడు. పెద్దాయన మాత్రం పోడు. అతని ముందు నిలబడి, సంచి మూతి తెరిచి పట్టుకునేవాడు. "సూడప్పా" అనేవాడు. ఖాజా మొహం పక్కకు తిప్పుకునేవాడు. తాళం వేసి ఆయన పక్క నుంచే నడుచుకుంటూ వెళ్ళిపోయేవాడు. పెద్దాయన కాసేపు అట్లే నిలబడి, సంచి మూతి కట్టుకుని ఇంటికి పోయేవాడు. మరుసటి రోజు మళ్ళీ అదే తంతు. ఖాజా చేతి బొబ్బలు మానిపోయాయి, ఎండలు తగ్గి గాలి తిరిగింది. ఇది మాత్రం ఆగలేదు.

నాకే విసుగొచ్చి ఒకరోజు అడిగేశాను. "ఎందుకన్నా ఈ నాటకం? వాడు చూడడు. నువ్వు పోరాదా?"

"నాటకమా?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. "వాడు తినే బువ్వలో చెయ్యి పెట్టి కెలికినా, అందరి ముందర. నా సంచిలో వాని చెయ్యి పడేదాంక నాకు బువ్వ దిగదప్పా." చెప్పి మొహం తువ్వాలతో తుడుచుకున్నాడు. ఆ మాట నేను కడుపులో దాచుకోలేకపోయాను. పోయి ఖాజాకు చెప్పేశాను. అతను తాళం గుత్తి తిప్పుకుంటూ స్టోరులోకి పోయాడు.

ఆ సాయంత్రం గంట కొట్టారు. అందరూ వెళ్ళిపోయారు. పెద్దాయన యథాప్రకారం సంచి తెరిచి నిలబడ్డాడు. "సూడప్పా."

ఖాజా తాళం గుత్తి నడుముకు దోపుకున్నాడు. సంచి లాక్కున్నాడు. లాక్కుని, మోచేతి దాకా చెయ్యి దూర్చి వెతకడం మొదలుపెట్టాడు. సద్దిగిన్నె మూత తీసి, వేళ్ళు పెట్టి అడుగుదాకా తిప్పి, అంటిన జొన్నసంగటి నాకాడు. తువ్వాల దులిపాడు. ఆకువక్కల సంచి విప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెద్దాయన మొహం ఏమిటోగా అయిపోయింది. సంచి అడుగు నుంచి ఖాజా ఆ నల్ల చెక్కను బయటికి తీశాడు.

"ఇదేందన్నా?"

"అది స్టోరుది గాదు ఖాజా. మా నాయనది. కల్లం ముద్ర."

ఖాజా ఎడమ కన్ను సగం మూశాడు. అచ్చం ఆయనలాగే.

"నీ మాట అయిపోయింది గదా. ఇంగ దాన్ని అడుగుదాం."

చెక్కను చెవి దగ్గర పెట్టుకున్నాడు. తల వంచి, చాలాసేపు, బాగా శ్రద్ధగా విన్నాడు.

"ఏమంటాది?" అన్నాడు పెద్దాయన చివరికి.

"ఇంటికి పోతానంటాంది" అన్నాడు ఖాజా.

చెక్కను సంచిలో పెట్టి, మూతి ముడి వేసి, ఆయన భుజానికి తానే తగిలించాడు. పెద్దాయన రెండు కళ్ళూ పూర్తిగా తెరిచి అతన్ని చూశాడు. తెరుచుకున్న ఆ ఎడమ కన్నులో నీళ్ళు నిండుగా ఉన్నాయి.